తాడు పట్టినోళ్ళ బండి

సముద్రం మీద పడవలు బోల్తా పడతాయి, వలలు తెగుతాయి, ఇంజన్లు నడిమధ్యలో ఆగిపోతాయి. మా తీరంలో ఇవన్నీ మామూలే, వీటికెవరూ నవ్వరు. కానీ ఒక మోటారు సైకిల్, అదీ ఇంకా కొనని మోటారు సైకిల్, మా రేవులో దిగబడితే ఊరు ఊరంతా వచ్చి దాన్ని ఒడ్డుకి లాగిన రోజొకటి ఉంది. ఆ బండి మీద నల్ల కళ్ళజోడు పెట్టుకుని కూర్చున్న మహానుభావుణ్ణి నేనే. నేను చెప్పకపోయినా మా ఊళ్ళో ఎవరో ఒకరు మీకు చెబుతారు. వాళ్ళు చెబితే మునిగిన బండ్లు రెండవుతాయి, అందుకని నేనే చెప్పేస్తున్నాను.

మాది శ్రీకూర్మం అవతల సముద్రాన్ని ఆనుకుని ఉన్న ఊరు. మా తాత, మా నాన్న, మా మావ, అందరూ వేటకి వెళ్ళినవాళ్ళే. నాకు మాత్రం పడవెక్కితే వాంతులు. మీసాలు మొలిచే వయసులో మా నాన్న తొలిసారి వేటకి తీసుకెళితే, కెరటాలు దాటకముందే కడుపులో ఉన్నదంతా గంగమ్మకి నైవేద్యం పెట్టేశాను. పడవ వెనక్కి తిప్పి నన్ను ఒడ్డున దింపారు, ఆ రోజు వేట కాస్తా పోయింది. అప్పటినుంచి నేను గట్టు సూరిని. రాజాంలో డిప్లొమా చదివి వచ్చి ఊళ్ళోనే సెల్‌ఫోన్ల కొట్టు పెట్టాక కూడా ఆ పేరు పోలేదు.

కొట్టు బాగానే నడిచేది. పెళ్ళీ బాగానే అయింది. మా మేనమావ పోలయ్య తన కూతురు రత్నాలుని నాకిచ్చి చేశాడు. అయినా సాయంత్రాలు రేవులో మగాళ్ళు కూర్చుని నీటి వాటం గురించి, గాలి గురించి మాట్లాడుకుంటుంటే, నేను పక్కన నిలబడి రీచార్జి గురించి మాట్లాడాల్సి వచ్చేది. ఇప్పుడు నవ్వుతూ రాస్తున్నాను గానీ, అప్పట్లో అది నాకు ముల్లులా గుచ్చుకునేది. మా వాళ్ళలో నేనూ ఒకణ్ణి అనిపించుకోవాలని చాలా ఉండేది.

ఇక్కడ మా ఊరి చట్టం ఒకటి మీకు చెప్పాలి. మా మావ పెద్ద వలకి పెద్ద. పెద్ద వల అంటే, పడవ మీద వెళ్ళి వలని సముద్రంలో చుట్టూ దింపి వస్తారు, దాని రెండు కొసల తాళ్ళూ ఒడ్డునే ఉంటాయి. వాటిని పట్టుకుని జనం లాగాలి. ఫలానావాళ్ళే లాగాలని లేదు. ముసలమ్మలు లాగొచ్చు, బడి ఎగ్గొట్టిన పిల్లలు లాగొచ్చు, చుట్టపుచూపుగా వచ్చిన అల్లుడు కూడా పంచె ఎగ్గట్టి ఓ చెయ్యి వెయ్యొచ్చు. వలలో ఏం పడితే అందులో తాడు పట్టినవాళ్ళందరికీ వాటా ఉంటుంది. ‘తాడు పట్టినోడికి వాటా’ అన్నదే ఆ చట్టం. మా ఊళ్ళో కోర్టులూ పోలీసులూ దాని తర్వాతే. నేను మాత్రం చిన్నప్పుడు చదువుకునేవాణ్ణనీ, పెద్దయ్యాక కొట్టు ఉందనీ ఆ తాడు ఏనాడూ పట్టలేదు.

అలాంటి రోజుల్లో ఆ బండి వచ్చింది. కొండలూ గుట్టలూ ఎక్కే పొడుగాటి అడ్వెంచర్ బండి. అంతకుముందు మోడల్ గురించి తలో మాటా అనేవారు. ఇప్పుడు ఇంజను మార్చి, సీటు మార్చి, టాంకు చుట్టూ ఇనప చట్రం బిగించి, మొహం కూడా కొత్తగా దిద్ది మళ్ళీ తెచ్చారు. ఫోన్లో దాని వీడియోలు చూస్తే నాకు నిద్ర పట్టేది కాదు. మంచుకొండల మీద వెళుతోంది, వాగులో వెళుతోంది, రాళ్ళ మీద గంతులేస్తోంది. నీళ్ళ మీద మావకి పడవ ఉంటే నేల మీద నాకిది ఉంటుంది, ఇక నన్ను గట్టు సూరి అన్నా అందులో ఒక హోదా ఉంటుంది అనుకున్నాను.

అనుకున్నాను గానీ కొనలేదు. కొనాలా వద్దా అని నెలల తరబడి ఆలోచించాను. పాత మోడల్ చవగ్గా దొరుకుతుందా, కొత్తదానికి పేరొచ్చేదాకా ఆగాలా, నా ఎత్తుకి ఆ సీటు సరిపోతుందా, ఉప్పుగాలికి ఆ చట్రం తుప్పు పడుతుందా. కొట్టుకి వచ్చినవాళ్ళందరినీ సలహా అడిగేవాణ్ణి. ఒకాయన చార్జరు కోసం వచ్చి, నా దగ్గర సస్పెన్షన్ గురించి అంతా విని, చార్జరు మరిచిపోయి ఇంటికెళ్ళిపోయాడు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అంటారు కదా, నా సోమలింగానికి బట్టలు కూడా వచ్చేశాయి. హెల్మెట్, చేతి తొడుగులు, మోకాళ్ళకి కవచాలు పార్సిల్‌లో తెప్పించాను. శ్రీకాకుళం బజార్లో చేపలమ్మే రత్నాలు ఒకరోజు ఆ తొడుగులు వేసుకుని పీతలు కడిగింది. గిల్లడం లేదని, మంచి సరుకని మెచ్చుకుంది కూడా.

చివరికి విసుగెత్తి ఆవిడే అంది.

“నన్ను నీకిచ్చి సెయ్యడానికి మా నాన్న ఒక్క పూట ఆలోసించినాడు. బండి కాడ నువ్వు ఇన్ని నెలలు ఆలోసిస్తన్నావు. కొంటే కొను, లేపోతే ఒగ్గీ.”

మావ అక్కడే కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. ఆయన ఎప్పుడూ తొందరపడి మాట్లాడడు. సూది ఆపి, నా వైపు చూశాడు.

“పడవ కొనేముందు నీట్లో దింపి సూస్తామురా. నువ్వు ఫోన్లో సూసి కొంటావేటి?”

ఆయన ఉద్దేశం ఒకసారి నడిపి చూడమని. నేను మాత్రం ‘నీట్లో దింపి’ అన్న ముక్కని బుర్రలో భద్రంగా దాచుకున్నాను.

మర్నాడు ఆ హెల్మెట్, కవచాలు, నల్ల కళ్ళజోడు అన్నీ తగిలించుకుని శ్రీకాకుళంలో షోరూముకి వెళ్ళాను. అక్కడ నవీన్ అని సేల్సు కుర్రాడు. మెడకి టై, కాళ్ళకి అద్దంలా మెరిసే బూట్లు, మాటకి ముందు సార్, మాటకి తర్వాత సార్. ఈ బండి ఎక్కడికైనా వెళుతుంది సార్ అన్నాడు. మా ఊరిదాకా వెళుతుందా అన్నాను. ఎక్కడికైనా సార్ అన్నాడు పాపం. జనం నడిపి చూడ్డానికి పెట్టిన బండిని బయటికి తీసి, తను వెనక ఎక్కాడు.

సీటు ఎత్తు గురించి నా అనుమానం నిజమే. బండి ఆపితే ఒక కాలి మునివేళ్ళు మాత్రం నేలకి తగిలేవి, రెండో కాలు గాల్లో ఉండేది. ఆ సంగతి నవీన్‌తో అంటే, అలవాటైపోతుంది సార్ అన్నాడు. మిగతాదంతా మాత్రం వీడియోల్లో చూసినట్టే ఉంది. శ్రీకూర్మం దాటాక జీడితోటల పక్కన రోడ్డు గుంతలు పడి ఉంటుంది, రోజూ నా పాత బండి మీద నడుం విరిగే చోటు. అక్కడ ఈ బండి పడవలా తేలిపోయింది. నాకు వాంతి రాలేదు. పడవలా తేలేదాని మీద నాకు వాంతి రాకపోవడం జన్మలో అదే మొదలు, అక్కడే మనసు సగం పారేసుకున్నాను.

ఊళ్ళోకి వచ్చి తిన్నగా ఇంటికి వెళ్ళి ఉంటే ఈ కథ లేదు. నేను తిన్నగా రేవుకి వెళ్ళాను. మధ్యాహ్నం దాటింది, పొద్దున లాగిన పెద్ద వల ఇసుక మీద ఆరుతోంది, తాళ్ళు చుట్టలు చుట్టి ఉన్నాయి, మావా ఆయన మనుషులూ నీడన కూర్చుని ఉన్నారు. కెరటం తడిపి వెళ్ళిన ఇసుక సిమెంటు రోడ్డులా గట్టిగా ఉంటుంది. దాని మీద ఈ చివర్నుంచి ఆ చివరికీ, ఆ చివర్నుంచి ఈ చివరికీ పోనిచ్చాను. మగాళ్ళంతా లేచి నిలబడ్డారు. నీటి వాటం గురించి ఎవరూ మాట్లాడ్డం లేదు, అందరూ నన్నే చూస్తున్నారు. ఆ కాసేపూ నా గర్వానికి గట్టూ లేదు, సముద్రమూ లేదు.

అక్కడితో ఆగినా బాగుండేది. ఫోటో కావాలనిపించింది. నవీన్‌ని దింపి, ఫోను చేతికిచ్చి, వెనక సముద్రం పడేలా తియ్యమన్నాను. కొంచెం వెనక్కి సార్ అన్నాడు. వెళ్ళాను. ఇంకొంచెం సార్, కెరటం పడటంలేదు అన్నాడు. ఇంకొంచెం వెళ్ళి, నీటి అంచున బండి ఆపి, గడ్డం కాస్త పైకెత్తాను.

మొదటి కెరటం వచ్చి చక్రాలు కడిగింది, ఫోటో అద్భుతంగా వచ్చింది. రెండో కెరటం వెనక్కి పోతూ పోతూ చక్రాల కింది ఇసుకంతా తోడుకుపోయింది. మా ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలుసు, కెరటం అంచున కదలకుండా నిలబడితే పాదాలు కూరుకుపోతాయని. పిల్లలు అదో ఆటగా ఆడతారు. పుట్టి పెరిగినవాణ్ణి నాకు తెలియక కాదు, ఫోటోలో పడి మరిచిపోయాను. బండి కిందికి పోతోందని తెలిసి గట్టిగా యాక్సిలరేటర్ తిప్పాను. వెనక చక్రం, తొయ్యడానికి వెనక్కి పరిగెత్తుకొచ్చిన నవీన్ టై మీదికి తడి ఇసుకంతా చిమ్మి, ఇరుసుదాకా దిగిపోయి ఆగింది.

ఒక సంగతి మాత్రం ఒప్పుకోవాలి. ఆ బండి మీద నా రెండు పాదాలూ నేలకి నిండుగా ఆనడం అదే మొదటిసారి. నవీన్ చెప్పింది నిజమే, అలవాటైపోయింది.

పోటు మొదలైంది, ప్రతి కెరటం కిందటిదానికంటే పైకి వస్తోంది. నేను దిగబోయాను. మావ అప్పటికే మోకాళ్ళ లోతు నీళ్ళలోకి వచ్చేశాడు. పడవ దిగబడినప్పుడు ఎలా చూస్తాడో అలాగే బండి చుట్టూ తిరిగి చూశాడు.

“దిగకు. నువ్వు దిగితే పక్కకి ఒరిగిపోద్ది. హేండిలు తిన్నగా పట్టుకుని కూకో.”

అని, పెద్ద వల తాడు తెమ్మని కేకేశాడు.

తాడుని ముందు చట్రానికి రెండు చోట్ల కట్టారు. ఉప్పుగాలికి తుప్పు పడుతుందా అని నేను నెలల తరబడి బెంగపడిన చట్రం ఇదే. తాడు ఒడ్డున పరిచేసరికి జనం వచ్చేశారు. పెద్ద వల లాగుతున్నారంటే మా ఊళ్ళో పిలవక్కర్లేదు, తాడు కనిపిస్తే చాలు. మా అమ్మమ్మ ఎర్రమ్మ వచ్చింది. ఆవిడకి పళ్ళు లేవు గానీ పట్టు గట్టిది. రత్నాలు అప్పుడే బజారు నుంచి వచ్చి ఆటో దిగుతోంది. నెత్తి మీది తట్ట కింద పెట్టి, ఏమైందని ఒక్క మాట అడక్కుండా చీర ఎగదోపి తాడు ముందు చివర పట్టుకుంది. నవీన్ బూట్లు విప్పి, మేజోళ్ళు వాటిలో దోపి, టై భుజం వెనక్కి వేసుకుని జనం మధ్యన దూరాడు.

మావ పాట అందుకున్నాడు, ఊరంతా వంత పాడింది. పాటకొకసారి తాడు బిగుస్తోంది, బిగిసినప్పుడల్లా బండి ఒక జానెడు లేస్తోంది. హెల్మెట్, నల్ల కళ్ళజోడు, మోకాళ్ళ కవచాలతో నేను పైన ఊరేగింపు దేవుడిలా కూర్చున్నాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను. అయినా నిజం చెప్పాలంటే, ఆ తాడు మీద ఉన్న చేతుల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టుకుంటున్నాను. నా కోసం ఊరు ఇలా కదలడం అంతకుముందు నేను చూడలేదు. బండి పొడి ఇసుక మీదికి వచ్చేసరికి ఈలలు మోగాయి.

అందరికీ దండం పెట్టి, టీలు తాగిద్దామని దిగాను. ఈలోగా ఎర్రమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి సీటు మీద చెయ్యి వేసింది.

“మరి నా వాటా ఏటిరా?”

నవ్వులాటకి అంటోందనుకున్నాను. చుట్టూ చూస్తే ఎవరూ నవ్వడం లేదు. తాడేసి లాగారు, ఒడ్డుకి తెచ్చారు, కాబట్టి వాటా ఉంటుంది. చేపైతే పంచుకోవచ్చు, బండిని ఎలా పంచుతారన్నదొక్కటే వాళ్ళ సందేహం. మావ నింపాదిగా తీర్పు చెప్పాడు. బండిని కొయ్యలేం గనక తాడు పట్టినవాళ్ళు వంతులేసుకుని ఎక్కుతారట. ఎర్రమ్మకి శ్రీకూర్మం గుడికి వెళ్ళాలని ఉందట. ఒకాయనకి కళ్ళాసుపత్రికి వెళ్ళాలట. ఐసు పెట్టెలు తేవాలని ఒకరు, అత్తారింటికి గొప్పగా వెళ్ళాలని ఇంకొకరు. అక్కడికక్కడే వంతులు పడిపోయాయి.

నవీన్ నా చెవి దగ్గరికి వచ్చి, ఇది మీ బండి కాదు సార్ అని గుర్తుచేశాడు. ఆ ఒక్క మాట పైకి అనేస్తే సరిపోయేది. నాది కాదర్రా, ఇంకా కొనలేదు, కొనాలో వద్దో తేల్చుకోలేదు అని. అనబోయి చుట్టూ చూశాను. తడిసిన చేతులతో, అరచేతుల్లో తాడు గుర్తులతో అందరూ నా చుట్టూ నిలబడ్డారు. ఇన్నాళ్ళూ ఆ గుంపుకి పక్కన నిలబడినవాణ్ణి, ఆ రోజు మధ్యలో ఉన్నాను. సరే, తీసుకెళతానే ముసలీ అన్నాను.

తిరుగు ప్రయాణం కట్టేముందు మావ ఒక సంచీ నిండా చేపలు తెచ్చి నవీన్ చేతిలో పెట్టాడు.

“తాడు పట్టినావు గదా బాబూ, నీ వాటా.”

నవీన్ ఆ సంచీని షోరూముదాకా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అక్కడ బండిని మంచినీళ్ళతో ఒకటికి రెండుసార్లు కడిగించి, ఇంజను చూపించి, ఏమీ కాలేదని తేల్చాడు. మిమ్మల్ని ఎవరూ బలవంతం చెయ్యరు సార్, నిదానంగా ఆలోచించుకోండి అన్నాడు. పెద్దమనిషి తరహా కుర్రాడు. అన్ని నెలలు ఆలోచించినవాణ్ణి ఆ క్షణాన ఒక్క ముక్క కూడా ఆలోచించలేకపోయాను. సీటు ఎత్తు, మైలేజీ, పాత మోడలూ ఏవీ గుర్తుకు రాలేదు, ఎర్రమ్మ ఒక్కతే గుర్తొచ్చింది. కొంటాను, కానీ ఈ బండే కావాలి అన్నాను. నవీన్ ఖంగు తిన్నాడు. కొత్తది తీసుకోండి సార్, ఇది ఉప్పునీళ్ళు తాగిన బండి అన్నాడు. మా ఊళ్ళో తాగనివాళ్ళెవరు అన్నాను.

మీరు నవ్వండి, పర్వాలేదు. కానీ కొత్త బండి తీసుకెళితే, మేం లాగింది ఇది కాదు అంటారు మా వాళ్ళు. అంటే మళ్ళీ నేనే అబద్ధాలకోరునవుతాను.

షోరూము పెద్దని నవీనే ఒప్పించాడు. బండి ఊరికి వచ్చింది, వాటాలు తీరడం మొదలైంది. ఎర్రమ్మని శ్రీకూర్మం తీసుకెళ్ళాను. దారంతా నన్ను వెనక నుంచి తాడు పట్టినట్టే పట్టుకుంది. హెల్మెట్ పెట్టుకోనని పేచీ పెట్టి, పెట్టుకున్నాక గుడి మెట్లదాకా తియ్యనంది. కళ్ళాసుపత్రి ఆయన చూపు బాగుపడి తిరిగొచ్చి, బండి రంగు తననుకున్నది కాదన్నాడు. అత్తారింటికి వెళ్ళినవాడు బండి మంచుకొండలు ఎక్కి వచ్చిందని చెప్పాడట, నన్ను మాత్రం డ్రైవరని చెప్పాడట. పురిటినొప్పులొచ్చిన రోజు ఆటో దొరక్కపోతే ఒకమ్మాయిని రత్నాలు వెనక పట్టుకుని కూర్చోగా ఆసుపత్రికి చేర్చింది ఆ బండే. ఆ రోజు పుట్టినవాడిప్పుడు బడికి వెళుతున్నాడు, పుట్టకముందే నీ బండెక్కానని నన్ను దబాయిస్తాడు. మంచుకొండలు ఎక్కలేదు గానీ, నా బండి చేసినన్ని పనులు ఆ జాతి బండి ఇంకెక్కడా చేసి ఉండదని నేను ఎక్కడైనా గర్వంగా చెబుతాను.

ఒక ఆదివారం ఎవరి వంతూ లేదు. ఎన్నాళ్ళో దాచుకున్న కోరిక, ఒంటరిగా అరకు కొండలెక్కాలని. హెల్మెట్ పెట్టుకుని, మోకాళ్ళ కవచాలు బిగించి బయటికి వచ్చాను. ఎక్కడికని రత్నాలు అడిగింది. ఇవాళ నా వాటా అన్నాను. మావ అరుగు మీద వల బాగుచేసుకుంటున్నాడు, ఎర్రమ్మ పక్కనే ఉంది.

రత్నాలు నన్ను కిందనుంచి పైదాకా చూసింది.

“నీ వాటా ఏటి? ఆ పొద్దు నువ్వు తాడు పట్టినావేటి?”

తాడెలా పడతాను, బండి మీద కూర్చున్నాను కదా, దిగొద్దన్నది మీ నాన్నే కదా అన్నాను. న్యాయం చెప్పమని మావ వైపు తిరిగాను. ఆయన సూది ఆపాడు. ఎప్పటిలాగే నింపాదిగా ఆలోచించాడు.

“వల్లో వచ్చిన సేపకి వాటా ఉంటాదేటిరా?”

ఎర్రమ్మ నవ్వి నవ్వి పొలమారింది. తర్వాత నేనూ నవ్వాను, ఇంకేం చేస్తాను. ఆ రోజు అరకు వెళ్ళింది నిజమే గానీ, వాటాదారు హోదాలో రత్నాలు వెళ్ళింది, నేను నడిపాను.

మర్నాడు కొట్టు తెరవకుండా రేవుకి వెళ్ళి, జీవితంలో మొదటిసారి పెద్ద వల తాడు పట్టుకున్నాను. చేతులు బొబ్బలెక్కాయి, నడుం పట్టేసింది, కానీ నేల మీద నిలబడి లాగే పని కదా, వాంతి రాలేదు. వాటాలు పంచుతూ మావ నా వంతు వచ్చేసరికి నావైపు చూడకుండానే దోసెడు కవళ్ళు నా తువ్వాల్లో వేశాడు. ఆ చేపల పులుసు రుచి గురించి నన్ను అడక్కండి, చెప్పడం మొదలుపెడితే ఆపలేను.

కాబట్టి సముద్రం సాక్షిగా, కూర్మనాథుడి సాక్షిగా, ఆ బండి ఇనప చట్రం సాక్షిగా నేను చేస్తున్న ప్రమాణం ఏమిటంటే, ఇకముందు నా బండి ఎక్కడ దిగబడినా, ఎవరు కూర్చోమన్నా కూర్చోను. ముందు దిగి తాడు పట్టుకుంటాను. ఒక మనిషికి ఒక జన్మలో చేప కావడం ఒకసారి చాలు.

దీన్ని బండి సీటు మీద చెయ్యి వేసి గట్టిగా చెబుదామని ఇప్పుడే బయటికి వెళ్ళి చూశాను. బండి లేదు. ఇవాళ ఐసు పెట్టెలవాళ్ళ వంతట.